కాగితం నిలువుగా పెట్టు, తల్లీ



నువ్వు ఫోన్లో పంపిన సంపాతి బొమ్మ చూశాను. కావ్యంలోంచి ఒక దృశ్యం తీసుకుని సుద్దతో గానీ బొగ్గుతో గానీ వెయ్యమని మీ కాలేజీలో అడిగితే, అందరూ పోయే దారిన పోకుండా కిష్కింధకాండ తిరగేసి ఎవరూ పట్టించుకోని ఆ ముసలి గద్దను పట్టుకొచ్చావు. ఆ ఎంపికకే సగం మార్కులు వేసేశాను. మిగతా సగం గురించే ఈ ఉత్తరం.

చెయ్యి బాగుంది. ఈకలు, గోళ్ళు, ముక్కు ఎక్కడా తడబడలేదు. కానీ బొమ్మ నిండా మసి. వెనకాల ఆకాశమంతా బొటనవేలితో రుద్దేశావు. సూర్యుడి చుట్టూ గీతలు ఉరికించావు. పక్షి కళ్ళల్లో నీళ్ళు పెట్టావు. కింద సముద్రం, ఒడ్డున దిగాలుగా కూర్చున్న వానరులు, మూలన అశోకవనంలో సీతమ్మ కూడా ఉన్నారు. 'భావం పలకాలి కదా తాతయ్యా, అందుకే ఫోర్స్‌గా వేశాను' అన్నావు. అక్కడే నాకు నీతో పేచీ. భావం చేతి విసురులో పుట్టదమ్మా. ఏది వెయ్యాలి, ఏది మానాలి, వేసినదాన్ని ఎక్కడ పెట్టాలి అని తేల్చుకోవడంలో పుడుతుంది. అది తేలాక విసురు వచ్చినా మంచిదే, రాకపోయినా లోటు లేదు.

ఊరికే చెబితే చాదస్తం అనుకుంటావు. అందుకని ఒక బొమ్మ చూపించి చెబుతాను. అదీ నీ సంపాతిలాగే సూర్యుడి దారిలోకి వెళ్ళి కాలిపోయినవాడి కథే. అదీ సుద్దతో వేసిందే. వేసినవాడు మైకెలాంజెలో. పైగా ఆయన దాన్ని వేసింది ఒక పడుచువాడి కోసం.

ముందు కథ. రెండువేల ఏళ్ళ కిందటి రోమన్ కవి ఓవిడ్ 'మెటమార్ఫోసెస్' అని పదిహేను భాగాల కావ్యం రాశాడు. మొదటి భాగం చివర మొదలై రెండో భాగంలోకి సాగుతుంది ఫేథాన్ కథ. సూర్యుడు మీ నాన్నేనని మీ అమ్మ చెబితే నమ్మేశావా అని తోటివాడు ఎగతాళి చేస్తే, ఈ కుర్రవాడు రోషపడి సూర్యుడి మేడకే వెళ్ళి నిలబడతాడు. తండ్రి మురిసిపోయి, ఏది అడిగినా ఇస్తానని పాతాళనది స్టిక్స్ మీద ఒట్టు పెట్టేస్తాడు. ఒక్కరోజు నీ రథం తోలనివ్వు అంటాడు కొడుకు. మాట ఇచ్చేశాక తండ్రికి దడ పుడుతుంది. ఆ గుర్రాలు దేవతలకే లొంగవు, వద్దంటాడు. వినకపోతే కనీసం మరీ పైకి పోకు, మరీ కిందికి దిగకు, నడిమి దారి పట్టు, కొరడా ఎత్తకు, పగ్గాలు మాత్రం వదలకు అని వివరంగా హితవు చెబుతాడు. పిల్లవాడు అప్పటికే రథం ఎక్కేశాడు. బరువు చాలని రథం ఊగిపోతుంది. ఆకాశంలో వృశ్చికం కొండి ఎత్తి కనబడగానే భయంతో పగ్గాలు జారవిడుస్తాడు. నేల మండుతుంది, నదులు ఇంకిపోతాయి. భూదేవి మొర పెట్టుకుంటే జూపిటర్ పిడుగు విసురుతాడు. జుట్టు అంటుకుని నిప్పుతునకలా ఫేథాన్ ఎరిడనస్ నదిలో పడతాడు. ఇటలీలోని పో నదే ఆ ఎరిడనస్ అంటారు. అక్కచెల్లెళ్ళు ఏడ్చి ఏడ్చి చెట్లయిపోతారు. వాళ్ళ కన్నీళ్ళు అంబరు పూసలవుతాయి. చుట్టమైన సిగ్నస్ దుఃఖంతో హంస అయిపోతాడు.

పెద్దల మాట వినని కుర్రవాడి కథ చెప్పి నాకు చురక వేస్తున్నాడని అనుకోకు. నాకు కుర్రవాడితో పని లేదు, వాణ్ణి కాగితం మీదికి దించిన తీరుతోనే పని.

1532 చివర్లో మైకెలాంజెలోకు రోములో తొమ్మాసో దె కవాలియెరి అనే గొప్పింటి యువకుడితో పరిచయమైంది. అప్పటికి మైకెలాంజెలోకు యాభై ఏడేళ్ళు. సిస్టీన్ చాపెల్ పైకప్పు పూర్తి చేసి ఇరవై ఏళ్ళు దాటింది. యూరప్‌లో ఆయన పేరు తెలియని రాజూ పోపూ లేడు. అలాంటివాడు ఈ అబ్బాయంటే ప్రాణం పెట్టాడు. వాడి మీద పద్యాలు రాశాడు, బొమ్మలు వేసి కానుకగా పంపాడు. అబ్బాయి బొమ్మలు వెయ్యడం నేర్చుకోవాలనే ఆయన నల్లసుద్దతోనూ ఎర్రసుద్దతోనూ ఎన్నో కాగితాలు వేసి ఇచ్చాడని ఆయన జీవితకథ రాసిన వసారి చెప్పాడు. గద్ద ఎత్తుకుపోతున్న గానిమీడ్, రాబందు కాలేయం పొడుచుకు తింటున్న టిటియస్, పసిపిల్లల గోల, ఫేథాన్ పతనం ఆ కానుకల్లోవే. సూర్యరథం ఎక్కాలని ఆశపడినవాడి బొమ్మలో మైకెలాంజెలో తన సాహసాన్నే చెప్పుకున్నాడని కొందరు పండితులు అంటారు. కావచ్చు. నాకు మాత్రం అది ముందు ఒక పెద్దాయన చిన్నవాడికి చెప్పిన పాఠం. అందుకే నీకు చూపిస్తున్నాను.

ఫేథాన్ బొమ్మలు ఒకటి కాదు, మూడు మిగిలాయి. ఒకటి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, ఒకటి వెనిస్ అకాడమీలో, ఒకటి విండ్సర్‌లోని రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి. 1533లో వేశాడు. మూడింటిలోనూ కథ ఒకటే. గుర్రాలూ, రథమూ, కుర్రవాడూ, కింద ఏడుస్తున్నవాళ్ళూ మాత్రం ఒక్కోదాంట్లో ఒక్కోలా అమరారు. లండన్‌లో ఉన్న కాగితం మీద ఆయన చేతిరాత ఉంది. ఈ చిత్తుబొమ్మ నచ్చకపోతే మా ఉర్బినోతో చెప్పి పంపు, మాటిచ్చినట్టు రేపు సాయంత్రానికి ఇంకోటి వేసిస్తాను, నచ్చి పూర్తి చెయ్యమంటే ఇదే తిప్పి పంపు అని దాని భావం. ఉర్బినో అంటే ఆయన దగ్గర పనిచేసే మనిషి.

ఈ సంగతి రెండుసార్లు ఆలోచించు తల్లీ. సిస్టీన్ పైకప్పు వేసిన చెయ్యి, బొమ్మలు నేర్చుకుంటున్న కుర్రవాణ్ణి నచ్చిందా లేదా అని అడుగుతోంది. నచ్చకపోతే మళ్ళీ వేస్తానంటోంది. నువ్వు నాకు పంపింది మొదటి కాగితం. దాన్నే కాలేజీలో ఇచ్చేస్తానంటున్నావు.

ఇప్పుడు విండ్సర్ బొమ్మ తెరువు. బ్రిటిష్ మ్యూజియం వాళ్ళదీ, రాయల్ కలెక్షన్ ట్రస్టు వాళ్ళదీ రెండూ నెట్‌లో పెద్ద సైజులో దొరుకుతాయి. ఫోన్లో కాదు, కాలేజీ కంప్యూటర్ మీద చూడు. అసలు కాగితం ఎత్తు 41 సెం.మీ., వెడల్పు 23 సెం.మీ. పైన గద్ద మీద కూర్చుని చెయ్యెత్తి పిడుగు విసురుతున్న జూపిటర్. నడుమ తలకిందులై రాలుతున్న నాలుగు గుర్రాలు, రథం, ఫేథాన్. కింద నేల మీద ఒరిగి పడుకున్న నదీదేవుడు, చేతులెత్తి ఏడుస్తున్న అక్కచెల్లెళ్ళు, హంసగా మారిన సిగ్నస్. అంతే. ఆకాశం లేదు, మంటలు లేవు, తగలబడుతున్న ఊళ్ళు లేవు. అంత కథలో ఓవిడ్ పేజీలకు పేజీలు వర్ణించిన మేడా, వృశ్చికమూ, భూదేవి మొరా ఏవీ లేవు. చుట్టూ ఉన్నది ఖాళీ కాగితం.

ఆ ఖాళీ వల్లనే వాళ్ళు పడుతున్నారని తెలుస్తోంది. పట్టుకోవడానికి ఏమీ లేదు కాబట్టి పడుతున్నారు. నువ్వు రుద్దిన మసి ఆకాశంలో నీ సంపాతి పడటం లేదు, బురదలో ఇరుక్కుని ఉన్నాడు. మసి తీసేస్తేనే వాడు కిందికి జారతాడు.

రెండో సంగతి, కాగితం ఆకారం. వెడల్పుకు దాదాపు రెట్టింపు ఎత్తు. మన కన్ను పైనుంచి మొదలై, జూపిటర్ చేతి మీదుగా, గుర్రాల కాళ్ళ మీదుగా, కుర్రవాడి ఒంటి మీదుగా నది దాకా దిగుతుంది. అంటే ఫేథాన్ పడిన దారినే చూసేవాడి చూపు కూడా పడుతుంది. పతనాన్ని మనకు చూపించి ఊరుకోలేదు ఆయన, మన చూపు చేతే చేయించాడు. నువ్వు కాగితాన్ని అడ్డంగా పెట్టుకున్నావు. అడ్డం కాగితం మీద ఎగరవచ్చు, నడవవచ్చు, యుద్ధం చెయ్యవచ్చు. పడటానికి చోటెక్కడ? అడ్డంగా చోటు మిగిలింది కాబట్టి ఆ చోటు నింపడానికి సముద్రం, వానరులు, సీతమ్మ వచ్చి చేరారు. ఇక మీదట సుద్ద పట్టుకోబోయే ముందు కాగితం ఏ ఆకారంలో ఉండాలో కథను అడుగు.

ఇక్కడ నువ్వు నన్ను పట్టుకోవచ్చు. మైకెలాంజెలో మాత్రం కాలాలు కలపలేదా, పిడుగు పడిన క్షణానికి అక్కచెల్లెళ్ళు అక్కడికి చేరలేదు, సిగ్నస్ హంస కాలేదు కదా అని. నిజమే. కావ్యంలో అవన్నీ తరవాతి సంగతులు. అయితే ఆయన కలిపినవాళ్ళందరూ ఆ ఒక్క పతనానికి చెందినవాళ్ళు. విసిరినవాడు, పడ్డవాడు, ఏడ్చినవాళ్ళు, అందరూ ఒకే నిలువుగీత మీద ఉన్నారు. పైన కారణం, నడుమ జరిగినది, కింద ఫలితం. నీ బొమ్మలో మూలన ఉన్న సీతమ్మకూ సంపాతి రెక్క కాలడానికీ ఏం చుట్టరికం? కథలో ఉంది, బొమ్మలో లేదు. కథంతా చెప్పాలనుకుంటే దానికి వేరే పద్ధతి ఉంది. శ్రీకాళహస్తి కలంకారీ చూడు. గుడ్డను గళ్ళుగా విడదీసి, గడికొక ఘట్టం వేసి, కింద తెలుగులో పేరు రాసి రామాయణమంతా నడిపిస్తారు. అది కథ చెప్పే గుడ్డ, దాని అందం దానిది. నీ చేతిలో ఉన్నది ఒక్క కాగితం, ఒక్క నల్లరంగు. దానితో ఒక్కటే చెప్పగలవు. ఆ ఒక్కటీ గట్టిగా చెప్పు.

మూడోది, ముఖం. నీ పక్షి కంట్లో నీళ్ళు ఎందుకు పెట్టావు? బాధ చూపించాలని. ఫేథాన్ ముఖం ఆ కాగితం మీద గోరంత. దాన్లో బాధ వెతికినా పెద్దగా దొరకదు. బాధంతా ఒంట్లో ఉంది. కాళ్ళు పైకి, తల కిందికి, బరువంతా అదుపు తప్పి వేలాడుతోంది. గుర్రాలకైతే ఏడ్చే ముఖాలే లేవు, అయినా వాటి మెడలు వెనక్కి విరిగిన తీరు చూస్తే గుండె ఝల్లుమంటుంది.

దీనికి నాకు తెలిసిన గొప్ప సాక్ష్యం ఇంకో కాగితం మీద ఉంది. అదీ విండ్సర్‌లోనే ఉంది. టిటియస్ బొమ్మ చెప్పాను కదా. రాతి మీద పడుకోబెట్టి రాబందు చేత పొడిపిస్తున్న శిక్షాదృశ్యం అది. మైకెలాంజెలో ఆ కాగితాన్ని వెనక్కి తిప్పి, వెలుగులో కనిపిస్తున్న ఆ ఒంటి గీతనే అనుసరించి గీశాడు. కాగితాన్ని నిలువుగా తిప్పాడు. పడి ఉన్న టిటియస్ కాస్తా సమాధిలోంచి లేస్తున్న క్రీస్తు అయ్యాడు. ఇటు చూస్తే శిక్ష, అటు చూస్తే పునరుత్థానం. ఒంటి గీత దాదాపు ఒకటే. మారింది ఆ ఒళ్ళు నేలకు వాలిందా, నేలను విడిచిందా అన్నదే. భావం ఎక్కడుంటుందో చెప్పడానికి ఇంతకన్నా తేట పాఠం నేనెక్కడా చూడలేదు. నీ సంపాతి బొమ్మను కూడా తిప్పి చూడు. తలకిందులు చేసినా, పక్కకి తిప్పినా అదే భావం వస్తుంటే, అందులో భావం ఇంకా చేరలేదన్నమాట.

ఇక సుద్ద సంగతి. ఆ రోజుల్లో నల్లసుద్ద అంటే నేలలోంచి తవ్వి తీసిన మెత్తని రాయి. బొగ్గుపాలు కలిసిన బంకమట్టి రాయిగా గట్టిపడిన రకం. పీడ్‌మాంట్ నుంచి వచ్చే ఆ నల్లరాయిని చాకుతో మొన తేల్చుకోవచ్చని చెన్నీనో చెన్నీని అనే పాతకాలపు చిత్రకారుడు తన పుస్తకంలో రాశాడు. ఎర్రసుద్దలో ఎరుపు ఇనుప ఖనిజానిది. మన పల్లెల్లో గోడలకు పూసే జాజుకు రంగిచ్చేదీ అదే. తరవాత 1795లో ఫ్రాన్సులో కాంటే అనే ఆయన గ్రాఫైట్ పొడినీ బంకమట్టినీ కలిపి కాల్చి పెన్సిల్ ములుకులు చేశాడు. నీ పెట్టెలో ఉన్న కాంటే పుల్లలకు ఆయన పేరే. నీ దగ్గర ఉన్న బొగ్గుపుల్ల వేరు. అది కాగితాన్ని గట్టిగా పట్టుకోదు, ఊదితే పోతుంది, రుద్దితే పొగ అవుతుంది. అందుకే దానితో మొదటి ఆలోచనలు గీసుకోవాలి. నల్లసుద్దో కాంటేనో అయితే పడ్డచోట నిలుస్తుంది. మొన తేలిస్తే వెంట్రుకంత గీత వస్తుంది, పక్కకు వాల్చి రాస్తే కాగితం గరుకు మీద గింజలు గింజలుగా నీడ పడుతుంది.

విండ్సర్ బొమ్మను దగ్గరికి లాగి చూస్తే నీకు ఆశ్చర్యం వేస్తుంది. అంత బీభత్సమైన దృశ్యంలో ఒక్క ఆవేశపు గీత ఉండదు. బాగా మొన తేల్చిన సుద్దతో చుక్కలు చుక్కలుగా, ఊపిరి బిగబట్టి నీడలు పేర్చాడు. గుర్రం పొట్ట ఎక్కడ వెలుగులోంచి నీడలోకి తిరిగిందో వేలు పెట్టి చూపించలేవు. చెయ్యి అంత నెమ్మదిగా నడిచింది, బొమ్మ అంత వేగంగా పడుతోంది. మీవాళ్ళు రీల్స్‌లో చూపిస్తారే, చెయ్యి గాల్లో ఎగరేసి, నల్లటి పొడి చిమ్మి, నిమిషంలో బొమ్మ లేపేయడం, అది చూడ్డానికి బాగుంటుంది. చూసేవాడికి ఆ చెయ్యి గుర్తుంటుంది, బొమ్మ గుర్తుండదు. నీకు గుర్తుండాల్సింది బొమ్మ.

విసురుగా వెయ్యడం తప్పని నేననటం లేదు. లండన్ కాగితం విండ్సర్‌దానంత నున్నగా తీర్చింది కాదు, అదీ గొప్పదే. కానీ అక్కడ చెయ్యి వెతుకుతూ పోతోంది, గొప్పలు పోవడం లేదు. వెతికే గీత ఎంత పిచ్చిగా ఉన్నా అందంగానే ఉంటుంది. వెతకడం మానేసి ఉత్త పిచ్చిని ప్రదర్శించే గీత ఇట్టే తెలిసిపోతుంది.

ఇంకో మాట. మైకెలాంజెలో ఈ దృశ్యాన్ని గాల్లోంచి పుట్టించలేదు. ఫేథాన్ పతనం చెక్కిన పురాతన రోమన్ శిలాశవపేటిక ఒకటి ఆయన కాలంలో రోములో అరాచేలీ చర్చి దగ్గర ఉండేది. ఇప్పుడు ఫ్లారెన్స్‌లో ఉఫీత్జీ మ్యూజియంలో ఉంది. ఆ శిల్పం ఆయన బొమ్మకు ఒక మూలమని కళాచరిత్రకారులు చెబుతారు. అయితే అది అడ్డంగా పరిచిన రాయి. మనుషులు, గుర్రాలు ఈ చివర నుంచి ఆ చివరకు కిక్కిరిసి ఉంటారు. మైకెలాంజెలో దాన్ని నిలబెట్టాడు. ముందు తరం చేసినదాన్ని చూసి, తనకు కావలసింది ఉంచుకుని, మిగతాది తీసేశాడు. నువ్వూ చూడు. రవివర్మ వేసిన జటాయువధ చూడు, ఆ పక్షి రెక్కకు ఎంత చోటిచ్చాడో గమనించు. హాస్టల్ మేడ మీద సాయంత్రాలు గద్దలు తిరుగుతుంటాయి కదా, అవి గాలిలో మలుపు తిరిగేటప్పుడు తోక ఎటు వాలుస్తాయో, దిగేటప్పుడు రెక్క ఎక్కడ మడుస్తాయో చూస్తూ గీసుకో. నీ బొమ్మలో ఈకలన్నీ సరిగ్గా ఉన్నాయి గానీ ఆ రెక్క భుజం దగ్గర ఎముకకు అతికి లేదు. పుస్తకంలో బొమ్మ చూసి వేశావని తెలిసిపోతోంది.

చూడటంతో పాటు చదవాలి. కథ తెలుసు కదా అని ఊరుకోకు. తెలుసనుకున్న కథలోనే మనం చూడనివి ఎక్కువ ఉంటాయి. వాల్మీకి సంపాతి చేత చెప్పించిన మాటలు మళ్ళీ చదువు. సంపాతి, అతని తమ్ముడు జటాయువు ఇద్దరూ కైలాసం మీద మునుల ముందు పందెం కట్టి, సూర్యుడి వెంట ఎగిరారు. అంత ఎత్తునుంచి చూస్తే ఊళ్ళు రథచక్రాలంత, అడవులు పచ్చిక ముక్కల్లా, కొండలు గులకరాళ్ళలా, నదులు దారాల్లా కనిపించాయట. ఇంత చక్కటి చూపు కావ్యంలో ఉంటే నువ్వు కింద మామూలు సముద్రపు ఒడ్డు వేశావు. మిట్టమధ్యాహ్నం వేడికి జటాయువు సొమ్మసిల్లిపోతుంటే సంపాతి తన రెక్కలు కప్పాడు. రెక్కలు కాలాయి, వింధ్య మీద పడ్డాడు. తమ్ముడు ఏమయ్యాడో చాలాకాలం తెలియలేదు. తెలిసింది వానరుల నోట, అదీ చావుకబురుగా.

ఇందులో ఎన్ని క్షణాలున్నాయో లెక్క పెట్టు. పందెం కట్టిన క్షణం. ఇద్దరూ సూర్యుడి సరసకు చేరిన క్షణం. తమ్ముడి తల వాలిన క్షణం. అన్న రెక్క చాచిన క్షణం. రెక్కకు మంట అంటుకున్న క్షణం. ఒంటరిగా పడిపోతున్న క్షణం. ఏళ్ళ తరవాత ముసలివాడై రెక్కలు లేకుండా ఈ కథ చెబుతున్న క్షణం. ఒక్కొక్కటీ ఒక్కో బొమ్మ. నువ్వు అన్నీ ఒక్క కాగితంలో కుక్కావు. నన్నడిగితే రెక్క చాచిన క్షణం తీసుకుంటాను. అప్పటికింకా మంట లేదు. కాలబోతుందని వాడికి తెలుసు, చూసేవాడికీ తెలుసు. ఫేథాన్ తన సరదా కోసం కాలాడు, సంపాతి తమ్ముడి కోసం కాలాడు. ఈ తేడా నీ బొమ్మలో కనబడితే చాలు, కన్నీళ్ళు అక్కర్లేదు. కానీ ఇది నా ఎంపిక. నీ ఎంపిక వేరే అయితే నాకింకా సంతోషం.

వేశాక ఎవరికి చూపించాలో కూడా చెబుతాను. 1533 సెప్టెంబరులో కవాలియెరి మైకెలాంజెలోకు ఒక ఉత్తరం రాశాడు. ఫేథాన్ బొమ్మను పోపు చూశాడట, కార్డినల్ ఇప్పోలితో దె మెదీచి చూశాడట, అందరూ చూశారట. కార్డినల్‌గారు మిగతా బొమ్మలూ తెప్పించుకుని, స్ఫటికం మీద చెక్కించాలని టిటియస్‌ను తీసుకున్నాడు. గానిమీడ్‌ను మాత్రం ఎలాగో దక్కించుకున్నానని ఆ అబ్బాయి వాపోయాడు. చూశావా, పోపు మెచ్చిన బొమ్మే. అయినా దాన్ని వేసేటప్పుడు మైకెలాంజెలో అడిగింది పోపును కాదు, నచ్చకపోతే నచ్చలేదని చెప్పగల ఒక్క మనిషిని. నీకూ అలాంటివాళ్ళు ఒకరో ఇద్దరో చాలు. స్టేటస్‌లో పెడితే అందరూ బాగుందనే అంటారు, దానివల్ల నీ రెక్క ఎముకకు అతకదు.

చెడిపోయిన కాగితాలు చింపెయ్యకు. మైకెలాంజెలో చనిపోయే ముందు తన బొమ్మలు చాలావాటిని తగలబెట్టాడని, తను పడ్డ పాట్లు లోకానికి కనబడకూడదనే అలా చేశాడని వసారి రాశాడు. ఆయన అంతటివాడు కాబట్టి చెల్లింది. మనకు మాత్రం దానివల్ల నష్టమే జరిగింది. గొప్పవాళ్ళకు మొదటి గీతే కుదురుతుందన్న భ్రమ మిగిలింది. ఫేథాన్ కాగితాలు మూడూ దక్కాయి కాబట్టి ఆ భ్రమ కొంతైనా విడుతుంది. నీ కాగితాల వెనక తేదీ వేసి దాచు. ఒకదాని మీద ఒకటి పడెయ్యకుండా మధ్యలో బట్టర్ పేపరు పెట్టు, లేకపోతే ఒకదాని మసి ఇంకోదానికి అంటుతుంది. పొడిని నోటితో ఊదకు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కాగితాన్ని నిలబెట్టి వెనకనుంచి తట్టు. జుట్టుకు కొట్టుకునే స్ప్రే వాడకు, కొన్నాళ్ళకు కాగితం పసుపెక్కుతుంది. బొమ్మల దుకాణంలో దొరికే ఫిక్సటివ్ పల్చగా, దూరంనుంచి, కిటికీ తెరిచి కొట్టు.

మైకెలాంజెలో 1564 ఫిబ్రవరిలో రోములో కన్నుమూసినప్పుడు పక్కన ఉన్న కొద్దిమందిలో కవాలియెరి ఒకడు. ముప్పై ఏళ్ళు దాటిన స్నేహం. ఆ అబ్బాయి గొప్ప చిత్రకారుడు కాలేదు. కానీ మంచి బొమ్మ ఏదో, ఎందుకు మంచిదో తెలిసినవాడయ్యాడు. రోములో కాపిటొలీన్ కొండ మీద మైకెలాంజెలో తలపెట్టిన కట్టడాల పనిని దగ్గరుండి చూసుకున్నవాళ్ళలో అతనూ ఉన్నాడు. నువ్వు చిత్రకారిణివి కావాలనే నా ఆశ. కాకపోయినా ఆ చూపు వస్తే ఈ చదువు వృథా పోయినట్టు కాదు.

నువ్వు చెయ్యాల్సిన పని ఇదీ. కథ మళ్ళీ చదువు, ఒక్క క్షణం తేల్చుకో. కార్ట్రిడ్జ్ పేపరు నిలువుగా బిగించు. బొగ్గుపుల్లతో మూడు చిత్తుబొమ్మలు వెయ్యి, మూడూ వేర్వేరు అమరికల్లో ఉండాలి, ఒకదాన్ని చూసి ఇంకోటి వెయ్యకూడదు. మూడింటినీ గోడకు పెట్టి గది అవతలి మూలనుంచి చూడు. అక్కడినుంచి కూడా నువ్వు తేల్చుకున్న క్షణాన్ని ఏది చెబుతుందో దాన్ని తీసుకుని, సుద్ద మొన తేల్చి, నెమ్మదిగా పూర్తి చెయ్యి. బొటనవేలు మాత్రం జేబులో పెట్టుకో. పూర్తయిన బొమ్మతో పాటు ఆ మూడు చిత్తుకాగితాలూ నాకు పంపు. నేను ముందు వాటినే చూస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య